సెలవు చీటీలో అమ్మ పేరేదీ?

సెలవులొస్తున్నాయంటే ఇంట్లో అందరి మొహాల్లోనూ వెలుగే. పిల్లలకి బడి ఉండదు. అయ్యగారికి ఆఫీసు ఉండదు. మామగారికి పొద్దున్నే మనవల్ని బస్సెక్కించే హడావిడి ఉండదు. ఆఖరికి వీధి చివర ఇస్త్రీ బండి అబ్బాయి కూడా నాలుగు రోజులు సొంతూరు వెళ్ళొస్తాడు. సెలవన్నది లేనిది ఒక్కరికే. ఆవిడెవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"అదేమిటి, అందరం కలిసి టూర్ వెళ్తున్నాం కదా! ఆవిడకి మాత్రం అది సెలవు కాదా?" అంటారు. సరే, టూర్ వెళ్ళే కుటుంబాన్ని ఈసారి రైల్వేస్టేషన్లో కాస్త గమనించండి. ఆవిడ చేతిసంచిలో ఏముంటాయి? పులిహోర పొట్లాలు, కందిపొడి, రెండు కవర్లు చుట్టి తాడు కట్టిన ఆవకాయ సీసా, అత్తగారి బీపీ మాత్రలు, పిల్లలకి వాంతులు కాకుండా నిమ్మకాయలు. హోటలు గదిలో పెట్టుకోవడానికి చిన్న కరెంటు కుక్కరు మోసుకెళ్ళేవాళ్ళు కూడా ఎంతోమంది. వారం ముందునుంచే జంతికలు, సున్నుండలు. తిరిగొచ్చిన మర్నాడు మంచమెత్తు బట్టల మూట. మధ్యలో నాలుగు రోజులూ "అమ్మా, నా సాక్సులేవీ?", "ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా?" ఊరు మారుతుంది గానీ ఉద్యోగం మారదు.

ఇది నా ఒక్కదాని సణుగుడు అనుకునేరు. కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇంటింటికీ తిరిగి, ఎవరి సమయం దేనికి పోతోందో లెక్క తీసింది. 2019 లెక్కలో ఇంటి పని చేసే ఆడవాళ్ళకి దానికే రోజుకి సగటున 299 నిమిషాలు పట్టింది. ఇంటి పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళకి 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీస్తే ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయన్నమాట! పోనీ ఇది చేతుల పని. "రేపు పొద్దున టిఫినేమిటి? పాలు విరిగితే ఎలా? అత్తయ్యకి మాత్రలు ఎన్ని రోజులకున్నాయి?" అని తలలో ఇరవై నాలుగ్గంటలూ తిరిగే పని ఇంకొకటుందే, దాన్ని నిమిషాల్లో కొలవడం ఎవరి తరం?

అంచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, ఈసారి సెలవులకి చూడాల్సినవి బోలెడున్న ఊరికి వెళ్ళకండి. చూడాల్సినవి తక్కువగా ఉన్న ఊరికి వెళ్ళండి. వెళ్ళిన చోట కనీసం నాలుగు రాత్రులు కదలకుండా ఉండండి. బయల్దేరే ముందే పనులు పంచుకోండి. ఈ మూడూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్నాయి. రోజుకో ఊరు తిరిగే టూర్లో రోజుకోసారి పెట్టెలు విప్పాలి, సర్దాలి. విప్పేదెవరు, సర్దేదెవరు? నాలుగు రోజులు ఒకే గదిలో ఉంటే ఆ పని ఒక్కసారితో సరి. చూడాల్సినవి తక్కువైతే తరుముకుంటూ తిరగడం ఉండదు. తరుముడు లేకపోతే ఆవిడ కూడా కాసేపు కూర్చుంటుంది. సూత్రం ఇంతే.

చూడ్డానికేముంది అక్కడ?

మేమిలా వెళ్ళిన చోటు అండమాన్ దీవుల్లో నీల్ ఐలాండ్. 2018 డిసెంబరులో దానికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఎల్టీసీ పుణ్యమా అని మన ఉద్యోగుల కుటుంబాలు అండమాన్ చాలానే వెళ్తున్నాయి. కానీ ఈ దీవికి ఇచ్చేది ఎక్కువగా ఒక్క పూటే. పొద్దున స్టీమరు దిగడం, మూడు బీచ్‌లు చుట్టడం, కొబ్బరిబొండం తాగి నాలుగు ఫొటోలు దిగడం, మధ్యాహ్నం స్టీమరెక్కెయ్యడం. మాకు టికెట్లు కట్టిన ఏజెంటు (పేరెందుకు లెండి) "నాలుగు రోజులా? చూడ్డానికేముంది మేడమ్ అక్కడ? పిల్లలకి బోరు కొడుతుంది" అని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఆయన వద్దన్న కారణమే మాకు కావలసిన కారణం.

ఇంతకీ అక్కడేముందంటారా? పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 37 కిలోమీటర్లు సముద్రం మీద ప్రయాణం. అన్నట్టు ఆ ఊరికీ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ప్రభుత్వ స్టీమరులో రెండు గంటలు పట్టింది. దీవి మొత్తం మీద ఉన్నవి అయిదు పల్లెలు: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, మధ్యలో చిన్న బజారున్న నీల్ కేంద్ర. 2011 లెక్కల్లో జనాభా మూడు వేల పైచిలుకు. 1960లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీక కుటుంబాలకి ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. వాళ్ళు అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. ఈనాడు చుట్టుపక్కల దీవులకీ, పోర్ట్ బ్లెయిర్‌కీ కూరగాయలు పంపేది ఈ చిన్న దీవే. దారికి రెండువైపులా వక్క చెట్లు, అరటి తోటలు, బెండ, వంగ, పందిళ్ళ మీద సొరకాయలు. సముద్రం కనబడనంతసేపూ మన కోనసీమలో ఉన్నామా అనిపిస్తుంది.

రామాయణం పేర్లన్నీ ఒక్కచోటే ఉన్నాయని అత్తయ్యగారికి మహా సంతోషం. "చూశావుటే అమ్మాయ్, సీతమ్మవారి ఊళ్ళో సూర్యుడు పొడుస్తాడు, లక్ష్మణస్వామి ఊళ్ళో కుంగుతాడు" అని ఫోన్లో తన చెల్లెలికి చెప్పారు. నిజమే. సీతాపూర్ తీరం తూర్పున, లక్ష్మణ్‌పూర్ తీరం పడమట. ఇంకో విశేషం. ఈ దీవులు మనకి చాలా తూర్పునున్నా గడియారాలు మాత్రం మనవే. అందుకని అక్కడ వేసవిలో అయిదవుతూండగానే తెల్లారిపోతుంది. శీతకాలంలో సాయంత్రం అయిదింటికల్లా దీపాలు పెట్టెయ్యాలి. ఎనిమిదింటికి ఊరంతా సద్దుమణుగుతుంది. సీరియళ్ళ వేళకి అందరూ నిద్రలో ఉంటారు!

ఏమీ తోచని రెండో రోజు

మేం ఉన్నది ఒక రైతు కుటుంబం తమ వక్కతోటలో కట్టి అద్దెకిస్తున్న రెండు గదుల్లో. భోజనం కూడా వాళ్ళదే. బయల్దేరే ముందు ఇంట్లో పని పంపకాలు చేశాం. అత్తయ్యగారి మాత్రలు, పొద్దున్న టీ, టికెట్లు, డబ్బు లెక్కలు మావారివి. పదమూడేళ్ళ మా అమ్మాయి తన బట్టలూ తన సామానూ తనే చూసుకోవాలి. తొమ్మిదేళ్ళ వాడికి తువ్వాళ్ళు ఆరెయ్యడం, చెప్పులు లెక్కపెట్టడం. నాకు? ఏమీ లేదు. ఆ కాలమ్ ఖాళీ.

మొదటి రోజు కొత్త కొత్తగా గడిచిపోయింది. రెండో రోజు అసలు పరీక్ష. ఫోను సిగ్నలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మావారు పావుగంటకోసారి ఫోను పైకెత్తి తోటలో నాలుగు దిక్కులా తిరిగారు. పిల్లలిద్దరూ "ఇప్పుడేం చెయ్యాలి?" అని పదిసార్లన్నా అడిగారు. "ఏమీ చెయ్యక్కర్లేదు" అన్న జవాబు వాళ్ళెప్పుడూ వినలేదు. పాపం! బడి, ట్యూషను, కరాటే క్లాసు, హోంవర్కు... మన పిల్లల రోజులో ఖాళీ అనేది పెద్దలు చేసిన తప్పు కింద లెక్క.

అన్నింటికంటే కష్టం ఎవరికో చెప్పనా? చెయ్యడానికి పని లేని ఇల్లాలికి. చేతులు ఊరికే ఉండవు. పక్కబట్ట మడత పెట్టమంటాయి, గ్లాసు కడగమంటాయి. ఇరవై ఏళ్ళ అలవాటు. కూర్చుంటే ఎవరో చూసి ఏమన్నా అనుకుంటారేమోనని లోపల ఓ గుబులు. అక్కడ అనుకునేవాళ్ళెవరూ లేరు, వక్క చెట్లు తప్ప. అయినా గుబులు పోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. అందుకే నాలుగు రాత్రులంటున్నాను. ఒక పూట టూరులో ఈ గుబులు దిగదు. దిగేలోపే స్టీమరు కూత వినబడుతుంది.

మూడో రోజు నుంచీ ఎవరి లోకం వాళ్ళకి దొరికింది. అద్దె సైకిళ్ళు తీసుకుని అక్కాతమ్ముళ్ళిద్దరూ సీతాపూర్ దాకా వెళ్ళి వచ్చారు. ఇది చిన్న సంగతిగా కనబడొచ్చు. మా ఊళ్ళో ఆ పిల్ల సైకిలేసుకుని వీధి మలుపు దాటాలన్నా తోడు కావాలి, టైము చెప్పాలి. అక్కడ దారిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ వీళ్ళు ఎవరింట్లో దిగారో తెలుసు. ప్రపంచంలో భయం లేని చోటంటూ ఉందని నేననను. కానీ ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళి నవ్వుతూ తిరిగొచ్చిన గంటన్నర ఆ పిల్లకెంతో, కన్నతల్లికీ అంతే.

పోటు తగ్గినప్పుడు లక్ష్మణ్‌పూర్ రాళ్ళ మీద నడవాలి. కెరటాలు కోసీ కోసీ వంతెనలా నిలబెట్టిన పెద్ద రాతి తోరణం ఒకటుంది అక్కడ. దాని చుట్టూ నీటి గుంటల్లో నక్షత్ర చేపలు, చిన్న చిన్న రంగు చేపలు. చచ్చిన నత్త గుల్లలో దూరి, దాన్నే వీపు మీద మోసుకుంటూ తిరిగే పీతలు కూడా ఉన్నాయి. మా అమ్మాయి ఒకదాన్ని చాలాసేపు చూసి, "అమ్మా, ఇది నువ్వే. ఎక్కడికెళ్ళినా ఇల్లు మోసుకునే వెళ్తుంది" అంది. అందరం నవ్వాం. నవ్వాక మావారు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అత్తయ్యగారికి అప్పటిదాకా తెలిసిన సముద్రం పుణ్యస్నానాల సముద్రం. పూరీలోనూ రామేశ్వరంలోనూ మునగడం, సంకల్పం చెప్పుకోవడం, తడిచీరతో గుడికి పరుగెత్తడం. డెబ్భయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి, మొక్కు లేకుండా ముహూర్తం లేకుండా, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఓ గంటసేపు ఊరికే కూర్చోవడం నేనప్పుడే చూశాను. "ఏమిటత్తయ్యా ఆలోచిస్తున్నారు?" అంటే "ఏమీ లేదే. అదే బావుంది" అన్నారు.

ఊరికే కూర్చోడానికి అంత డబ్బా?

ఈ మాట చాలామంది అడిగారు. మీరూ అడగొచ్చు. మధ్యతరగతి ఇళ్ళలో టూరంటే రెండేళ్ళ పొదుపు. అంత పోసి వెళ్ళాక నాలుగు గుళ్ళు, నాలుగు కోటలు, నాలుగు షాపింగులు చూసుకురాకపోతే డబ్బు దండగ అనిపించడం సహజమే. కానీ లెక్క ఇంకోలా వేసి చూడండి. డబ్బు పోసి కొనుక్కునేది ఏమిటి? చూసిన చోట్ల జాబితానా, కలిసి గడిపిన గంటలా? జాబితా అయితే ఆరు నెలలు తిరిగేసరికి పిల్లలకి ఏ కోట ఎక్కడ చూశారో కూడా గుర్తుండదు. గంటలే అయితే అవి పరుగులో దొరకవు.

అలాగని ద్వీపమంటే అండమానే కానక్కర్లేదు. గోదావరి పాయల మధ్య పడవ దాటి వెళ్ళాల్సిన లంక గ్రామాలున్నాయి. నాగాయలంక అవతల కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఎదురుమొండి దీవులున్నాయి. తెలిసినవాళ్ళో చుట్టాలో ఉంటే ఖర్చు బస్సు చార్జీలే. చుట్టూ నీళ్ళుండడం ముఖ్యం కాదు. పరుగు ఆగిపోవడం ముఖ్యం.

"మా చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊరే మాకు ద్వీపం. ఇప్పుడీ కొత్త ఊళ్ళెందుకు?" అన్నారు మా వదిన. మంచి ప్రశ్నే. ఆ వేసవులు నేనూ మర్చిపోలేదు. మామిడిపళ్ళు, బావి దగ్గర స్నానాలు, ఆరుబయట వరసగా పరుపులు. కానీ వదినా, ఆ పాతికమందికి రెండు పూటలా వండిందెవరు? ఎండాకాలం కట్టెల పొయ్యి ముందు కూర్చున్నదెవరు? కూతుళ్ళూ మనవలూ వచ్చారన్న సంతోషం ఉండే ఉంటుంది, కాదనను. సంతోషం ఉన్నంతమాత్రాన నడుం నొప్పి రాకుండా ఉంటుందా? అమ్మమ్మగారి ఊరి వేసవుల గురించి ఎంతోమంది ఎంతో కమ్మగా రాశారు. అమ్మమ్మ రాసి ఉంటే ఎలా ఉండేదో!

ఆవిడ అడిగిన ప్రశ్న

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం సగమే అవుతుంది. మేం విశ్రాంతి తీసుకున్నాం సరే, మాకు వండి పెట్టిందెవరు? ఆ ఇంటి ఇల్లాలు. నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున నాలుగున్నరకి లేచేది. ఆవుల పని, తోట పని, మా అయిదుగురి వంట, వాళ్ళింటి వంట. ఆవనూనె వాసన అత్తయ్యగారికి పడదని తెలిసి ఆవిడకి వేరే నూనెతో వేరే మూకుడు పెట్టింది. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో, ఆవిడకి వచ్చిన హిందీతో మాట్లాడుకునేవాళ్ళం. అత్తయ్యగారికైతే ఆ ముక్కలూ అక్కర్లేకపోయాయి. ఇద్దరూ కూరగాయల బుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూపించుకునేవారు. ఈవిడ "సొరకాయ" అంటే ఆవిడ "లావు" అంటుంది. ఈవిడ "గుమ్మడి" అంటే ఆవిడ "కుమ్‌డో" అంటుంది. "ఇదేమిటే, గుమ్మడి పేరు అక్కడా ఇక్కడా ఒకటే!" అని ఆశ్చర్యపోయారు అత్తయ్యగారు.

మూడో రోజు సాయంత్రం ఆవిడే అడిగింది: "మీరిక్కడ కూర్చున్నారు కదా, మీ ఇంట్లో ఇప్పుడు వంటెవరు చేస్తున్నారు?" "ఎవరూ లేరు, అందరం ఇక్కడే ఉన్నాం" అన్నాను. కాసేపు ఆలోచించి "అయితే పొయ్యికి కూడా సెలవే" అని నవ్వింది. తను ఆ దీవి దాటి విశ్రాంతి కోసమని ఎక్కడికన్నా వెళ్ళిందా అని అడిగాను. కాన్పులకి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిందట, రెండుసార్లు. అదే ఆవిడ ప్రయాణం.

మనకి ప్రశాంతంగా కనబడే చోటు అక్కడుండే ఆడవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ జవాబులో ఉంది. దీవిలో చిన్న ఆసుపత్రి ఉంది. పరిస్థితి విషమిస్తే మాత్రం సముద్రం దాటాల్సిందే, స్టీమరులోనో హెలికాప్టరులోనో. వానాకాలం సముద్రం పోటెత్తితే పడవలు ఆగిపోతాయి. ఆడపిల్ల కాలేజీకి వెళ్ళాలంటే ఇల్లు వదిలి వెళ్ళాలి. మన లంక గ్రామాల్లో నెలలు నిండిన గర్భిణిని వరదలో పడవ మీద దాటించడం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళనడిగితే చెబుతారు. కాబట్టి "ఆహా, ఎంత ప్రశాంతం, ఇలాగే ఉండిపోవాలి" అని మనం అనేముందు కాస్త ఆగాలి. మనం వెళ్ళిపోతాం. వాళ్ళుండాలి. ఆసుపత్రీ కాలేజీ పడవా వాళ్ళకి కావాలి, అవి వస్తే ప్రశాంతతేమీ చెడిపోదు. చెడగొట్టేవి వేరే ఉన్నాయి. మనం పారేసే ప్లాస్టిక్ సీసాలు, మన పాటల డబ్బాలు, బకెట్ల కొద్దీ మంచినీళ్ళు పారబోసే మన అలవాటు.

మా వాడు ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు రెండు జేబులో వేసుకుంటే ఆ ఇంటావిడే చూసి, వాణ్ణి మళ్ళీ తీరానికి నడిపించుకెళ్ళి ఎక్కడివక్కడ పెట్టించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పగడాలు తీసుకురావడం నేరం కూడా. ఎయిర్‌పోర్టులో సంచులు వెతికి తీసేస్తారు. వాడు కాస్త మొహం ముడుచుకున్నాడు గానీ, "అది చచ్చిపోయిన రాయి కాదు, చేపపిల్లల ఇల్లు" అని ఆవిడ చెప్పింది మాత్రం ఇప్పటికీ అందరికీ చెబుతూంటాడు.

మన సెలవు కోసం ఇంకో ఆడమనిషి వెట్టి చేస్తే అది సెలవు మార్పిడే గానీ మార్పు కాదు. అలాగని ఆవిడ సంపాదన వద్దని కాదు. ఆ గదుల అద్దె తన చేతికే వస్తుందని, దాంతోనే కూతుర్ని నర్సింగు చదివిస్తున్నానని ఆవిడ గర్వంగా చెప్పింది. అందుకే ఇలాంటి ఇళ్ళకి వెళ్ళినప్పుడు బేరాలాడకండి. ఆ పూట తోటలో ఏముంటే అదే వండమనండి. పదిన్నరకి ఒకరూ పదకొండున్నరకి ఒకరూ కాకుండా అందరూ ఒక్కసారే తినండి. తిన్న కంచాలు మగవాళ్ళతో సహా ఎవరివి వాళ్ళు తీయండి. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళాలి గానీ కొనుక్కున్నవాళ్ళలా కాదు.

అక్కడ మనవాళ్ళూ తక్కువేం కాదు. 2011 లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఒకప్పుడు విశాఖపట్నంలో ఓడెక్కి రెండు మూడు రోజులు సముద్రం మీద ప్రయాణం చేసి బతుకుతెరువుకి వెళ్ళిన శ్రీకాకుళం, విశాఖ కుటుంబాలు. పోర్ట్ బ్లెయిర్ బజారులో చేపలమ్మే ఒకావిడ మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది?" అనడిగింది. మనం సెలవుకి వెళ్ళే చోటు ఎవరికో పనిచోటే. ఇది గుర్తుంటే చాలు, మిగతా మర్యాదలన్నీ వాటంతటవే వస్తాయి.

వెళ్ళేముందు ఓ కాగితం

ఇంతా విని "మా ఇంట్లో ఇవన్నీ జరిగే పనులు కావండీ" అని నిట్టూర్చేవాళ్ళుంటారు. నిజమే, అందరిళ్ళూ ఒక్కలా ఉండవు. అత్తగారికి కోపం రావొచ్చు. "వంటలక్కలా టీ కాయమంటావా నన్ను?" అని ఆయన ఎగిరిపడొచ్చు. పోట్లాట పెట్టుకోమని నేననడం లేదు. ఒక కాగితం తీసుకోమంటున్నాను. టూర్ అనుకోగానే ఎక్కడికి, ఎంత ఖర్చు అని రాస్తాం కదా. దాని కిందే ఇంకో జాబితా రాయండి. సామాను సర్దేదెవరు? మందులెవరు చూస్తారు? పిల్లల స్నానాలెవరివి? రాత్రి తలుపులు వేసేదెవరు? ఒక్కో పని పక్కన ఒక్కో పేరు. అన్నింటి పక్కనా ఒకే పేరు పడితే, ఆ కాగితం చూసిన ఎవరికైనా నోట మాట రాదు. మీరు వాదించక్కర్లేదు. కాగితమే వాదిస్తుంది.

ఆ జాబితాలో రెండు రోజులు ఎవరూ రాయనివి ఉంటాయి. బయల్దేరే ముందు రోజు, తిరిగొచ్చిన మర్నాడు. సెలవు లెక్కలో ఆ రెండూ కలపండి. ఎలాగూ ఆయన ఆఫీసుకి సెలవు పెడుతున్నారు కదా, ఇంకొక్క రోజు కలిపి పెట్టమనండి. ఇసక దులపాలి, బట్టలుతకాలి, ఖాళీ ఫ్రిజ్ నింపాలి. నలుగురు చేస్తే పూట పని. ఒక్కరు చేస్తే నాలుగు రోజులు తీసుకున్న విశ్రాంతంతా ఆ ఒక్క రోజుకే చెల్లు.

మా ఇంట్లో ఏదో మహా విప్లవం వచ్చేసిందని చెప్పను. పొద్దున్న టీ ఇప్పటికీ మావారే పెడుతున్నారు, ఆదివారాలు తప్ప. ఆదివారం ఆయనకి సెలవట! అత్తయ్యగారు అప్పుడప్పుడూ పెరట్లో పీట వేసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నారు. ఎవరన్నా "ఏం చేస్తున్నారు పెద్దమ్మగారూ?" అంటే "ఏమీ లేదు" అని ధైర్యంగా చెబుతున్నారు. ఆ మాట ఆడవాళ్ళ నోట వినడం ఎంత అరుదో మీకు తెలుసు.

పిల్లలు సెలవు కావాలంటే బడికి చీటీ రాస్తారు. ఆయన ఆఫీసుకి రాస్తారు. మనం మాత్రం ఎవరికి రాయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాం. ఈసారి ఇంటి గోడకే అంటించండి ఓ చీటీ: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అమ్మకి సెలవు. సంతకం కోసం ఎవరి దగ్గరకీ వెళ్ళకండి. మీరే పెట్టేసుకోండి.